నాలుగు నుంచి ఎనిమిది దాకా

బాక్సింగ్ హాలు, టైర్ల షాపు పైన
ఫిబ్రవరి 6

పది దాకా లెక్క బాగా వచ్చిన మా బావమరిదికి,

మీ బావ దీవెనలు అందుకో. అందరం క్షేమం అని రాయాలి గనక రాస్తున్నాను. మీ అక్క పూర్తిగా క్షేమం. నేను సగం.

మన ఉత్తరాలు మొదలై పదకొండేళ్ళయింది. రిఫరీవి నువ్వు, కోచ్‌ని నేను, బంధువులిద్దరూ పోటీలకి ముందు ఫోన్లో గుసగుసలాడుకుంటున్నారని ఎవడో పుణ్యాత్ముడు అసోసియేషన్‌కి అర్జీ పెట్టాడు. ఏం మాట్లాడుకున్నా కాగితం మీదే మాట్లాడుకోండి, అడిగితే చూపించండి అన్నారు వాళ్ళు. అప్పుడు మండిపడ్డాను గానీ ఇప్పుడు ఇదే బాగుంది. ఫోన్లో తిడితే నువ్వు పెట్టేస్తావు. ఉత్తరంలో తిడితే ఆఖరిదాకా చదవాల్సిందే.

ఇక తిట్టడానికి వస్తాను. నువ్వు ఆ కేజ్ ఆటకి రిఫరీగా పోతున్నావట. మీ అక్క చెప్పింది, నువ్వు చెప్పలేదు.

మన హాల్లో పొద్దున పూట నలభై మంది ఉండేవాళ్ళు, కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఇవాళ తొమ్మిది. అందులో ఒకాయన ఒళ్ళు తగ్గడానికి వస్తాడు, ఇంకొకాయన ఇంట్లో పోరు పడలేక వస్తాడు. ఎదురుగా ఫర్నిచర్ షోరూం ఖాళీ చేసిన చోట ఎమ్మెమ్మే వాళ్ళు దిగారు. గుద్దచ్చు, తన్నచ్చు, కింద పడేసి మీద కూర్చుని కొట్టచ్చు, మెడ బిగించి ఊపిరాడకుండా చెయ్యచ్చు. చుట్టూ మనలాగా తాళ్ళు కాదు, ఇనప వల. నేను బోను అంటాను. మా కిటికీలోంచి చూస్తే వాళ్ళ అద్దాల్లోంచి అంతా కనబడుతుంది. మా పిల్లలు సంచీని గుద్దుతూ కళ్ళు అటే పెడతారు. కిటికీకి న్యూస్‌పేపర్లు అంటించాను. మర్నాటికి చింపేశారు.

చీమ కూడా వెళ్ళిపోయింది. పదకొండేళ్ళప్పుడు వచ్చింది, ఇంతుండేది, అందుకే చీమ అన్నాం. ఇప్పుడు దానికి ఇరవై రెండు. పగలంతా లాండ్రీలో ఇస్త్రీ చేసి సాయంత్రం నా దగ్గరికొచ్చేది. నాకు ఎంతమంది శిష్యులున్నా అది వేరు, నీకు తెలుసు. "మాస్టారూ, మనకి ఏడాదికి రెండు పోటీలు. వాళ్ళకి నెలకొకటి. నాకు ఈ వయసు ఎన్నేళ్ళుంటుంది" అంది. నేను మాట్లాడలేదు. గ్లవ్స్ మీ అక్క చేతికిచ్చి మెట్లు దిగిపోయింది. పోతే పోయిందిలే అనుకున్నాను గానీ రెండు రోజులు అన్నం సయించలేదు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు చివరికి నేనొక్కణ్ణే మిగిలేలా ఉన్నాను. ముప్ఫై ఏళ్ళ కిందట, రిఫరీగా నీ మొదటి ఏడాదిలోనే, నన్ను పది లెక్కపెట్టి ఇంటికి పంపావు. ఆస్పత్రికి చూడ్డానికి వస్తూ మీ అక్కని వెంటబెట్టుకొచ్చావు. అంత చేసినవాడివి, ఇది మాత్రం నాకు చెప్పకుండా చెయ్యడమేంటి?

నీ బావ


తూనికలు కొలతల ఆఫీసు, మధ్యాహ్నం విరామంలో
ఫిబ్రవరి 15

బావకి నమస్కారం.

తిట్లు అందాయి. ఆఖరిదాకా చదివాను.

నిజమే. శిక్షణ అయిపోయింది కూడా. మూడు రోజులు. నీకు చెప్పకపోవడం నా తప్పే. చెప్తే నువ్వు వద్దంటావు, నువ్వు వద్దంటే నేను మానేస్తాను, అందుకని చెప్పలేదు.

కిందటేడాది నాకు పదకొండు ఆదివారాలు బాక్సింగ్ ఉంది. ఈ ఏడాది మూడిచ్చారు. మొన్నటి పోటీకి రెండొందల కుర్చీలు వేస్తే ముప్ఫై మంది వచ్చారు. అందులో ఇరవై మంది ఆడేవాళ్ళ ఇంటివాళ్ళు, నలుగురు కుర్చీలు అద్దెకిచ్చినవాళ్ళు. వారమంతా నేను కొట్టుకొట్టుకీ తిరిగి తూకపు రాళ్ళు పెట్టి తక్కెళ్ళు సరిచూస్తాను. ఒంటి మనిషిని. ఆదివారం రింగులో నిలబడితేనే నాకు బతికున్నట్టుంటుంది బావా. ఇంట్లో కూర్చుంటే గోడలు చూడాలి.

ఆ ఆటలో పది లెక్కపెట్టడం లేదు. మనిషి కింద పడ్డా ఆట సాగుతుంది. పడ్డవాళ్ళు ఇక కాచుకోలేరని రిఫరీకి ఎప్పుడనిపిస్తే అప్పుడు ఆపెయ్యాలి, అక్కడితో సరి. మాకు నేర్పినాయనకి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎవరు పడ్డా నా కుడిచెయ్యి పైకి లేస్తోంది. "ఎవరికి సార్ టాటా చెప్తున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆఖరి రోజు ఆ చెయ్యి జేబులో పెట్టుకుని పరీక్ష ఇచ్చాను. పాసయ్యాను.

నువ్వు ఒకటి మర్చిపోతున్నావు. మన హాలు ముందు కుస్తీ గోదా. మన గురువుగారు మట్టి ఎత్తించి రింగు కట్టించిన రోజు దాన్ని నడిపిన ముసలి వస్తాదు మెట్ల మీద కూర్చుని, "నిలబడి కొట్టుకోవడం కూడా ఒక ఆటేనా" అన్నాడట. ఆయన పిల్లల్ని మనం లాక్కున్నాం. ఇప్పుడు మన పిల్లల్ని వీళ్ళు లాక్కుంటున్నారు.

చీమ అడిగింది సరైన ప్రశ్నే. నువ్వేదో ఒక సమాధానం చెప్పి ఉండాల్సింది.

నీ బావమరిది


హాలు
ఏప్రిల్ 20

బావమరిదికి,

రెండు నెలలు రాయలేదని అలిగాననుకోకు. అలిగాను, కానీ అది మార్చితో అయిపోయింది.

చీమ రెండు పోటీలు గెలిచింది. నేను వెళ్ళలేదు. మీ అక్క వెళ్ళింది. వచ్చి నాతో చెప్పదు, అన్నం వడ్డిస్తూ గిన్నెలతో చెప్తుంది. "రెండో రౌండులోనే పడేసింది" అని గరిటెతో అంటుంది. నేను విననట్టు తింటాను.

మొన్న మెట్ల కింద ఎదురుపడ్డాం నేనూ అదీ. చేతిలో ఇస్త్రీ బట్టల మూట. అది ఆగింది. నేను టైర్లు చూస్తున్నట్టు నిలబడ్డాను. వెళ్ళిపోయింది. నా అంత మొండివాణ్ణి కన్నందుకు మా అమ్మ ఎక్కడున్నా నెత్తి కొట్టుకుంటూ ఉంటుంది.

అసలు సంగతి వేరే. పదకొండేళ్ళలో ఆ పిల్ల నా దగ్గర ఆరుసార్లు పడింది. ఆరుసార్లూ ఎడమ దవడ మీద దెబ్బకే. దానికక్కడ తగిలితే కరెంటు పోయినట్టవుతుంది, మళ్ళీ వస్తుంది. ప్రతిసారీ ఆరుకి లేచింది, ఒక్కసారి కూడా ఏడు కానివ్వలేదు. దానికి కావాల్సింది ఆరు సెకన్లు. ఆ బోనులో ఎవడిస్తాడు? పడ్డ మనిషి మీద పడి కొడతారు. కళ్ళు మూసుకుంటే నాకు అదే కనబడుతోంది.

రాయకూడని మాట రాస్తున్నాను. ఎప్పుడైనా దాని ఆటకి నువ్వే దిగాల్సి వస్తే, కాస్త చూసుకో.

నీ బావ


తూనికలు కొలతల ఆఫీసు
ఏప్రిల్ 27

బావకి,

నీ ఉత్తరంలో ఆఖరి మాట నేను చదవలేదని అనుకోను. చదివాను. నువ్వది రాసి ఉండకూడదు.

చీమ ఆటలు నాకు వెయ్యొద్దని నిర్వాహకులకి ముందే చెప్పాను. సరేనన్నారు. ఒకవేళ దిగాల్సి వచ్చినా నేను చూసుకునేది ఇద్దరినీ. ఒకరిని కాదు.

ముప్ఫై ఏళ్ళలో నాకున్నది ఈ ఒక్క పేరే బావా. దాన్ని నువ్వు అడగకు.

అక్కని అడిగానని చెప్పు.

నీ బావమరిది


ఇంటి నుంచి
జూలై 3

బావకి,

నీకిప్పటికే తెలిసి ఉంటుంది. అయినా నా చేత్తో రాయాలి.

మొన్న ఆదివారం మా ఊరి ఇండోర్ స్టేడియంలో కేజ్ పోటీలు. చీమ ఆటకి వేరే రిఫరీ ఉన్నాడు. అతనికి మధ్యాహ్నం నుంచి వాంతులు. నిర్వాహకురాలు వచ్చి నన్ను దిగమంది. చీమ మా బావ శిష్యురాలు, నేను దిగకూడదు అన్నాను. "ఆ హాలు మానేసి చాలా కాలమైంది కదా సార్, మీ బావగారు ఆ అమ్మాయితో మాట్లాడనే మాట్లాడరట కదా" అంది. అదీ నిజమే. సరేనన్నాను. గట్టిగా కాదంటే ఆ ఆట వాయిదా వేసేవాళ్ళు. నేను గట్టిగా అనలేదు.

చీమకి ఎదురు ఆడినామె ఒక బ్యాంకులో సెక్యూరిటీ గార్డు. చీమకన్నా నాలుగంగుళాలు పొడుగు. మొదటి రౌండు సమానంగా సాగింది. రెండో రౌండులో ఆమె కుడిచేతి గుద్దు చీమ ఎడమ దవడ మీద పడింది. చీమ కూలబడింది. ఆమె మీదకి వెళ్ళబోతుంటే నేను మధ్యలోకి దూరి, చెయ్యి అడ్డంపెట్టి, మూలకి పొమ్మని వేలు చూపించాను. ఎనిమిది పలకల బోనులో మూల ఎక్కడుంటుంది? ఆమె వెనక్కి వెళ్ళి ఒక స్తంభం పక్కన నిలబడింది. నేను చీమ ముందు వంగి ఒకటి, రెండు అని మొదలుపెట్టాను.

మూడు అనేసరికి జనం నవ్వడం మొదలుపెట్టారు. ఆరుకి చీమ లేచింది. బాక్సింగ్‌లో లేచినా ఎనిమిది దాకా లెక్కపెట్టాలి గనక ఎనిమిది దాకా లెక్కపెట్టాను. దాని గ్లవ్స్ నా చొక్కాకి తుడిచి ఆడమన్నాను. నిమిషం తిరక్కుండా చీమ ఆమెని పడేసి మెడ బిగించింది. ఓడిపోయానని ఆమె నేల తట్టింది. చీమ చెయ్యి పైకెత్తింది నేనే. ఆ గెలుపుతో చీమకి ఏడాది ఒప్పందం ఇస్తున్నారు, లాండ్రీ మానెయ్యచ్చు.

గార్డు తరపువాళ్ళు అర్జీ పెట్టారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటది లేచింది అని రాసిచ్చాను. జనం కూడా అలాగే అనుకుంటున్నారు. ఆ వీడియో అందరి ఫోన్లలో తిరుగుతోంది. నిన్న ఒక పచారీ కొట్లో నేను రాళ్ళు పెడుతుంటే కొట్టాయన ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు.

మనం కాగితం మీదే మాట్లాడుకోవాలన్న బాక్సింగ్ వాళ్ళ నియమం ఎవరో చెప్పారట, విచారణ కమిటీ మన ఉత్తరాలు అడిగింది. రెండు వారాల గడువిచ్చారు. నువ్వు రాసినవి నా దగ్గరున్నాయి, నేను రాసినవి నీ దగ్గరున్నాయి. నీ ఏప్రిల్ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. ఏం చెయ్యాలో తోచడం లేదు.

నీ బావమరిది


హాలు, ఎవరూ లేని వేళ
జూలై 8

ఒరేయ్ బావమరిదీ,

నీకొకటి చెప్పలేదు. ఆ ఆదివారం నేనక్కడే ఉన్నాను. రింగుకి కొత్త తాళ్ళు కొనాలని మీ అక్కతో చెప్పి మీ ఊరి రైలెక్కాను. టోపీ పెట్టుకుని ఆఖరి వరసలో కూర్చున్నాను. మీ ఇంటికి రానందుకు ఏమీ అనుకోకు, వస్తే మొహం చూసి పట్టేస్తావు.

నా ఆఖరి పోటీకి గోడల మీద కూడా జనం ఎక్కారని అందరికీ చెప్పుకుంటాను కదా. అంతకి పదింతలున్నారక్కడ. నా పక్కన ఇద్దరు ఆడపిల్లలు, కాలేజీ వాళ్ళు, ఏ పట్టుకి ఏం పేరో గడగడా చెప్పేస్తున్నారు. ఒకప్పుడు మన ఆట గురించి జనం ఇలాగే మాట్లాడుకునేవాళ్ళు. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. మన రోజులు అయిపోయాయి, వాళ్ళ రోజులు వచ్చాయి, అంతే అనిపించింది.

చీమ పడ్డప్పుడు లేచి నిలబడ్డాను. అందుకే నిన్ను బాగా చూశాను. అందరూ నీ చెయ్యి చూసి నవ్వారు. నేను నీ కళ్ళు చూశాను. బాక్సింగ్‌లో మనిషి పడగానే బల్ల దగ్గర టైమ్‌కీపర్ వేళ్ళు చూపిస్తూ లెక్క మొదలుపెడతాడు, రిఫరీ అటు చూసి అందుకుంటాడు. ఒకటికి నువ్వు బల్ల వైపు చూశావు. రెండుకీ చూశావు. మూడుకి చూసేసరికి అక్కడ వేళ్ళు చూపించేవాడు లేడు, ఎవరో అమ్మాయి నోరు తెరుచుకుని కూర్చునుంది. అప్పుడు నీ మొహం మారింది. ఎక్కడున్నావో నీకు తెలిసింది. నాలుగు నుంచి ఎనిమిది దాకా నువ్వు బల్ల వైపు చూడనే లేదు. చీమనే చూశావు.

నా మాట నిలబెట్టావురా. ముప్ఫై ఏళ్ళు నిన్ను ఎగతాళి చేశాను. ఆ ఆఖరి వరసలో నిలబడి ఏడ్చాను. ఇది మీ అక్కకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు విను. నేను రాసిన ఏప్రిల్ ఉత్తరం నువ్వు చించెయ్, నీ జవాబు నేను చించేస్తాను. పోస్టులో పోయిందందాం. అలవాటని లోకమంతా నమ్మింది, నువ్వు కొత్తగా అబద్ధమాడాల్సింది కూడా ఏమీ లేదు. చీమ నిన్ననే లాండ్రీలో ఆఖరి రోజు పనిచేసి వచ్చింది. మీ అక్కని పట్టుకుని గిర్రున తిప్పిందట. దాని బతుకు ఇప్పుడిప్పుడే దారిలో పడుతోంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

నీ బావ


ఇంటి నుంచి
జూలై 17

బావకి,

చించలేదు. నిన్న కమిటీ ముందు పెట్టాను.

నువ్వు చూసింది నిజం. నువ్వు రాస్తే తెలిసిందని కాదు, నాకు ముందే తెలుసు. తెలిసీ అలవాటని కమిటీకి రాసిచ్చాను, నీకూ అదే రాశాను. మూడు దాకా అలవాటు, నాలుగు నుంచి తెలిసే లెక్కపెట్టాను అని వాళ్ళతో చెప్పాను. ఆ తేడా కాగితం మీద ఎలా రాయాలో తెలీక పాపం గుమాస్తా రెండుసార్లు కొట్టేశాడు.

కానీ నీ మాట నిలబెట్టడానికి మాత్రం కాదు. ఆ నాలుగు దగ్గర నాకు నువ్వు గుర్తు లేవు. చీమ కళ్ళు తేలేసి ఉంది. ఆట ఆపేస్తే అది ఓడిపోతుంది. ఆపకుండా పక్కకి జరిగితే దెబ్బలు తింటుంది. రెండూ నాకు ఇష్టం లేదు. పదకొండేళ్ళ పిల్లప్పుడు మా అక్క దానికి జడ వేసి రింగులోకి పంపడం నేను చూశాను. మరి రిఫరీకి ఇష్టంతో పనేంటి? తక్కెడ మీద వేలు పెట్టిన కొట్టువాళ్ళ మీద ఇన్నేళ్ళు కేసులు రాశాను. నేను చేసిందీ అదే.

ఆ ఆట లెక్కలోకి రాదు, ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు అని తేల్చారు. నా కేజ్ లైసెన్సు పోయింది. బాక్సింగ్ వాళ్ళు కూడా రెండేళ్ళు రావద్దన్నారు. నీకు హెచ్చరిక కాగితం వస్తుంది. చీమ ఒప్పందం ఆగిపోయింది. ఇంకెవరి నోటో వినకూడదని పొద్దున్నే మీ ఊరొచ్చి దానికి నేనే చెప్పాను. విని, లాండ్రీ ఆవిడని మళ్ళీ పని అడగడానికి వెళ్ళింది.

మీ మెట్ల దాకా వచ్చి వెనక్కి తిరిగాను. తిట్టాలనుకుంటే రాయి.

నీ బావమరిది


హాలు
ఆగస్టు 28

బావమరిదికి,

తిట్టడానికి నెల పైన పట్టింది. రెండు ఉత్తరాలు రాసి చించాను. ఇంట్లోవాళ్ళని బజార్లో పెట్టావని ఒకదాంట్లో రాశాను. రెండోదాంట్లో అంతకన్నా ఘోరంగా రాశాను. అవి నువ్వు చదవకపోవడమే మంచిదైంది. ఇప్పుడు నీకు లైసెన్సు లేదు గనక ఫోన్ చెయ్యచ్చు కదా అని ఏడుసార్లు చేశాను. నువ్వు ఎత్తలేదు. అందుకే మళ్ళీ కాగితం.

హెచ్చరిక వచ్చింది. నోటీసు బోర్డు మీద నేనే అంటించాను. పిల్లలందరూ చదువుకున్నారు. తప్పు చేసింది నేను, అడుసు తొక్కించి నీ చేత కాలు కడిగించాను.

చీమ వచ్చింది. ఏడు నెలల తర్వాత మెట్లెక్కి పైకొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "ఓడిపోయి ఉంటే మళ్ళీ గెలిచేదాన్ని మాస్టారూ. ఇప్పుడు ఓడిపోనూ లేదు, గెలవనూ లేదు. మీరిద్దరూ కలిసి నన్ను ఎటూ కాకుండా నిలబెట్టారు" అంది. నేను తల దించుకున్నాను. నా ఇన్నేళ్ళలో ఒక శిష్యురాలి ముందు తల దించుకోవడం అదే మొదలు. కాసేపటికి "ఎడమ దవడ కాచుకోవడం నేర్పుతారా లేదా" అంది. వారానికి మూడు సాయంత్రాలు వస్తోంది. నా దగ్గర గంట, తర్వాత రోడ్డు దాటి వాళ్ళ దగ్గర గంట.

ఎదురు బోను కోచ్ కూడా వచ్చాడు. మంచివాడే. వాళ్ళ పిల్లలకి గుద్దడం సరిగ్గా రాదట, ఎనిమిది మందిని నా దగ్గరికి పంపుతున్నాడు. మన ఆట వాళ్ళ పుస్తకంలో ఒక పాఠం అయిపోయిందిరా. పాఠంగా అయినా ఉంది కదా అని నేర్పుతున్నాను.

ఇంకో సంగతి. మొన్న చీమ మా ఇంట్లో తింటోంది, నేనూ అదీ ఆ రోజు ఆట గురించే ఒక్కో గుద్దూ విడదీసి చెప్పుకుంటున్నాం. మీ అక్క వింటూ వింటూ, "ఇంతకీ ఆ రెండో పిల్ల సంగతేంటి" అంది. ఎవరికీ నష్టం లేదని నీకు రాసింది నేనే కదా. ఆ పిల్ల పేరు కూడా నాకు తెలీదు. నీకేమైనా తెలుసా?

ఫోన్ ఎత్తు.

నీ బావ


ఇంటి నుంచి
సెప్టెంబర్ 19

బావకి,

ఫోన్లో మాట్లాడటానికి నా దగ్గర మాటలు లేకపోయాయి. అక్క అడిగింది చదివాక వారం రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. కమిటీ ముందు అంతా ఒప్పుకుని వచ్చాను, ఇక నా వంతు అయిపోయిందని నేను కూడా అనుకున్నాను.

మొన్న ఒంటిపూట సెలవు పెట్టి ఆ గార్డు పనిచేసే బ్యాంకుకి వెళ్ళాను. రెండు గంటల బస్సు. బ్యాంకు గుమ్మం దగ్గర ఆమే ఉంది, వరసలో వచ్చేవాళ్ళ సంచీలు తెరిచి చూస్తోంది. నేనూ వరసలో నిలబడ్డాను. సాయంత్రం డ్యూటీకి అటునుంచటే పోదామని తూకపు రాళ్ళ పెట్టె తీసుకెళ్ళాను. "ఇవేంటి" అని మూత తీసింది. తల ఎత్తి నన్ను చూసింది. గుర్తుపట్టింది.

పక్కకి రమ్మంది. తన బదులు ఇంకో గార్డుని గుమ్మం దగ్గర పెట్టి వచ్చింది. కమిటీవాళ్ళు మన ఉత్తరాలు ఆమెకి కూడా చదివి వినిపించారట. "ఆ అమ్మాయి ఆరుసార్లు పడిందని, ఆరుసార్లూ లేచిందని మీ బావగారు రాశారు. నేను ఎన్నిసార్లు పడ్డానో ఎవరూ రాయలేదు సార్" అంది. కోపంగా అనలేదు. సంచీలో ఏముందని అడిగినట్టే అడిగింది.

తర్వాత ఇంకొకటి చెప్పింది. అది నీకు తెలియాలి. ఆమె కూడా మనలాంటిదే బావా. ఎనిమిదేళ్ళు బాక్సింగ్ చేసింది. వాళ్ళ ఊళ్ళో హాలు మూసేస్తే కేజ్‌లోకి వచ్చింది. "మీరు మూలకి పొమ్మని వేలు చూపిస్తే వెళ్ళాను. వేరే ఎవరైనా అయితే ఇదేంటని మీ మీద అరిచేవాళ్ళు. మాకు అలా నేర్పలేదు. రిఫరీ వేలు చూపిస్తే వెళ్ళాలి, లెక్క అయ్యేదాకా కదలకూడదు. మీరు నాలుగు అనేసరికి ఇదేదో తప్పు జరుగుతోందని నాకూ తెలిసింది. కదల్లేదు. రిఫరీ కదా, ఆయనకి తెలీదా అనుకున్నాను" అంది.

ఆమె నన్ను నమ్మి నిలబడింది. నేను ఆమె నిలబడటాన్ని వాడుకున్నాను. ముప్ఫై ఏళ్ళుగా ప్రతి రింగులోనూ నేను అడిగింది ఆ నమ్మకాన్నే. అది పూర్తిగా ఇచ్చిన మనిషిని ముంచాను.

క్షమించమ్మా అన్నాను. "అది నాకు తెలీదు సార్. మీరు లెక్కపెట్టకుండా ఉంటే ఏమయ్యేదో అది చెప్పండి" అంది.

"రెండు సెకన్లు చూసి ఆట ఆపేసేవాణ్ణి."

"ఎవరు గెలిచినట్టు?"

"నువ్వే."

"అది రాసివ్వండి" అంది.

కమిటీ తీర్పు మారదమ్మా, ఇది ఎక్కడా చెల్లదు అని చెప్పాను. ఎక్కడా చూపించనంది. గుమ్మం దగ్గర రిజిస్టర్‌లోంచి ఒక తెల్ల కాగితం చింపి, పెన్ను ఇచ్చింది. గోడకి ఆనించి రాశాను. తేదీ వేశాను, పేరడిగి రాశాను, రెండో రౌండులో ఈమె గెలిచింది అని రాశాను. సంతకం పెట్టి కింద రిఫరీ అని రాయబోయి ఆగిపోయాను. లైసెన్సు లేనివాణ్ణి, ఏమని రాయను?

"రాయండి సార్. ఆ రోజు మీరు రిఫరీయే కదా" అంది.

రాశాను. ఆమె రెండుసార్లు చదువుకుంది. మడిచి యూనిఫాం జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుందేమో అనిపించింది గానీ నేను నేరుగా చూడలేదు. "పెట్టె తీసుకోండి సార్, వెనక జనం ఉన్నారు" అని గుమ్మం దగ్గరికి వెళ్ళి, తర్వాతి మనిషి సంచీ తెరిచింది.

నీ బావమరిది